దేవునికి రాసుకున్న నోట్‌బుక్ ఎవరు చదవాలి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. నేను టీచర్‌ని. మావారు బ్యాంకు ఉద్యోగి, మా చర్చి సంఘంలో పెద్ద. మా పాపకు పదిహేడేళ్లు, విజయవాడలో హాస్టల్లో ఉండి సీనియర్ ఇంటర్ చదువుతోంది. రోజూ ఉదయం వాక్యం చదువుకుని ప్రార్థన నోట్‌బుక్ రాయడం సండే స్కూల్ రోజుల నుంచే అలవాటు చేశాను. సెలవులకు వచ్చినప్పుడల్లా అది చూసి పేజీ కింద టిక్ పెడతాను. మొన్న దసరా సెలవుల్లో బట్టలు సర్దుతుంటే బ్యాగు అడుగున ఇంకో నోట్‌బుక్ దొరికింది. మొదటి పేజీలోనే ‘ప్రభువా, ఇది అమ్మకు చూపించేది కాదు’ అని ఉంది. నాకు చూపించే దాంట్లో అన్నీ స్తోత్రాలే. ఇందులో దేవుడి మీద కోపం, చదువంటే విసుగు, ‘ర’ అనే అక్షరంతో ఎవరో అబ్బాయి మాట. మా గురించి కూడా ఏదో రాసింది, ‘నాన్న అమ్మతో మాట్లాడేలా చెయ్యి’ అని దాదాపు ప్రతి పేజీలో. మా ఆడపడుచు కూతురి పెళ్లికి మావారు నాకు చెప్పకుండా నా నగలు తాకట్టు పెట్టారు. ఏడాదిన్నర నుంచి మా మధ్య మాటల్లేవు. అవసరమైతే వాట్సాప్‌లో పెడతాం, పాప ఉంటే తనతో చెప్పిస్తాం. అది వేరే సంగతి లెండి. నోట్‌బుక్ ఫొటోలు నా ఫోన్లో ఉన్నాయి. దేవునికి ఇలా రెండు నోట్‌బుక్‌లు రాయడం వేషధారణ కాదా? పాస్టరు అయ్యగారితో చెప్పి పాపకు కౌన్సెలింగ్ ఇప్పించమంటారా?

జవాబు: అమ్మా, మీరడిగిన రెండింటికీ ముందే చెప్పేస్తాను. వేషధారణ కాదు. అయ్యగారి దగ్గరకు పాపను పంపాల్సిన పని లేదు. మీరు ‘వేరే సంగతి’ అని పక్కన పెట్టారే, నాకు మీ ఉత్తరమంతా అదే సంగతిగా కనిపించింది. దానికి వస్తాను. అంతకంటే ముందు ఆ నోట్‌బుక్ గురించి కొంచెం మాట్లాడాలి, ఎందుకంటే మీరు చేసింది చిన్న పొరపాటేమీ కాదు.

ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమని మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ప్రభువే చెప్పాడు. నలుగురూ చూసేలా వీధి మూలల్లో నిలబడి చేసేవాళ్లను వేషధారులన్నదీ అక్కడే. హాస్టల్లో ఒక్కో గదిలో నలుగురైదుగురు పిల్లలుంటారు. వేసుకోవడానికి వాళ్లకు తలుపెక్కడిది? మీ పాపకు ఆ నోట్‌బుక్ అట్టే తలుపు. మీరు ఆ తలుపు తీసుకుని లోపలికి వెళ్లి, ఫొటోలు తీసుకుని బయటికి వచ్చారు. ఇక మీరు టిక్ పెట్టే నోట్‌బుక్ సంగతి. హోంవర్కు దిద్దినట్టు ఏళ్ల తరబడి దిద్దితే, పిల్ల అందులో మార్కులు పడేవే రాస్తుంది. స్తోత్రాలు తప్ప ఇంకేం కనిపించకపోవడానికి కారణం అదే. వేషం ఉందంటే అది ఆ మొదటి నోట్‌బుక్‌లో ఉంది. దాన్ని నేర్పింది కూడా మీరే.

దేవుడి మీద కోపం రాసిందని భయపడ్డారు. ఎనభై ఎనిమిదో కీర్తన ఒకసారి తీసి చివరి వరకు చదవండి. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని ముగుస్తుంది. తర్వాత ఒక్క స్తోత్రం లేదు, ఒక్క హల్లెలూయ లేదు. అలాంటి ప్రార్థనను కూడా బైబిల్లో చేర్చి మనకు ఇచ్చారు. పెదవులు మాత్రమే కదిలిస్తూ ఏడ్చి ప్రార్థించిన హన్నాను చూసి యాజకుడైన ఏలీ తాగి వచ్చిందనుకున్నాడు. పక్కనుంచి చూసి ఎదుటివాళ్ల ప్రార్థనకు అర్థం చెప్పబోతే ఎంతటివాళ్లకైనా జరిగేది ఇదే.

రెండు నోట్‌బుక్‌లు ఉండటం కూడా వింతేమీ కాదు. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపించిన జాన్ వెస్లీ 1725లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా డైరీ మొదలుపెట్టాడు. పొడి అక్షరాలు, గుర్తులు, తాను కల్పించుకున్న సంకేతాలతో ఇతరులకు అంతుపట్టకుండా రాసుకున్నాడు. లోకం చదవడానికి అచ్చు వేయించిన జర్నల్ వేరు, ఈ డైరీ వేరు. ఆయన 1791లో కన్నుమూస్తే, ఆ గుర్తుల గుట్టు విప్పడానికి మరో వందేళ్లు దాటింది. అంతటి భక్తుడికి దేవుడి ముందు కూర్చునే చాటు కావాల్సి వచ్చినప్పుడు, పదిహేడేళ్ల పిల్లకు అక్కర్లేదా?

ఆ ‘ర’ అక్షరం గురించి నేను ఎక్కువ రాయను. మనసులో ఒక అబ్బాయి మెదిలితే ఫోన్లో వాడితో చెప్పుకోకుండా దేవుడితో చెప్పుకుంటున్న కూతుర్ని చూసి మీరు గర్వపడాలి. కూపీ లాగకండి.

ఒక్కటి మాత్రం జాగ్రత్తగా గుర్తు తెచ్చుకోండి. ‘బతకాలని లేదు’, ‘నేను లేకపోతే అందరికీ మంచిది’ లాంటి మాట ఆ పేజీల్లో ఎక్కడైనా ఉందా? ఉంటే అప్పుడు గుట్టు, మర్యాద అన్నీ పక్కన పెట్టి వెంటనే పాప దగ్గరకు వెళ్లండి, సైకియాట్రిస్టుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీ ఉత్తరంలో అలాంటి మాట లేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను. విసుగు వేరు, అది వేరు.

ఇప్పుడు అసలు విషయం. పాప దాదాపు ప్రతి పేజీలో ఏం అడిగిందో మీరే రాశారు. ర్యాంకు అడగలేదు, ఫోన్ అడగలేదు, నాన్న అమ్మతో మాట్లాడాలని అడిగింది. ఏడాదిన్నరగా ఆ ఇంట్లో ‘నాన్నకి అన్నం వడ్డించానని చెప్పు’, ‘మీ అమ్మని తాళాలు ఎక్కడ పెట్టిందో అడుగు’ అనే మాటలు మోస్తున్నది ఆ పిల్లే. హాస్టల్‌కు వెళ్లాక ఆ మోత తప్పిందని మీరనుకుంటున్నారేమో. ఫిజిక్స్ పుస్తకం ముందు కూర్చున్నా, ఈ పూట ఇంట్లో ఎవరు ఎవరికి వడ్డించి ఉంటారా అనే టెన్షన్ దాన్ని వదలదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మీరిద్దరూ ఒకే చాప మీద కూర్చుని ఒకే పాట పాడతారు, ఆమెన్ అనగానే ఎవరి గదికి వాళ్లు వెళ్తారు. పెద్దలు దేవుడితో మాట్లాడి మనుషులతో మాట్లాడకుండా ఉండొచ్చని పాప అక్కడ నేర్చుకుంటోంది. ఇది నాకు చాలా బాధ కలిగించింది.

మీవారి తప్పు చిన్నదని నేననను. మేనకోడలి పెళ్లికి మేనమామ చెయ్యి వేయడం మన ఇళ్లలో ఉన్నదే, కాదనే భార్యలు తక్కువ. అడిగి ఉంటే మీరే బీరువా తీసి ఇచ్చేవారేమో. అడగకుండా మీ పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం తీసుకెళ్లడం మిమ్మల్ని లెక్కలో లేనిదాన్ని చేయడమే. పేతురు మొదటి పత్రికలో భర్తలు భార్యలను సన్మానించాలని, లేకపోతే వాళ్ల ప్రార్థనలకే అభ్యంతరం కలుగుతుందని ఉంది. సంఘ పెద్దగా ఆయన ఆ మాట ఎన్నిసార్లు వినిపించారో! మీరు కోపపడటం న్యాయం. కానీ ఏడాదిన్నర మౌనంతో ఆయన దగ్గర మీరు ఏం రాబట్టారు? నగ ఇంటికి రాలేదు, క్షమాపణ రాలేదు, పాపకు మాత్రం రెండో నోట్‌బుక్ వచ్చింది.

కాబట్టి మీరే ముందు మాట్లాడండి. ముందు మాట్లాడిన మనిషి తగ్గిపోయినట్టు కాదు, నేను అలా ఒప్పుకోను. సహోదరుడికి నీ మీద ఏదో ఉందని జ్ఞాపకం వస్తే అర్పణ అక్కడే వదిలి వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పాడు. తప్పు ఎవరిదో తేల్చుకున్నాక వెళ్లమనలేదు. పాప ఇంట్లో లేని రోజు చూసుకుని, వాట్సాప్ మాని, నోటితో మాట్లాడండి. ఎంత బంగారం పెట్టారు, అప్పెంత, ఇప్పటివరకు వడ్డీ కట్టారా, ఎప్పుడు విడిపిస్తారు అని అడగండి. రసీదు చూపించమనండి. బ్యాంకులో పనిచేసే మనిషికి గోల్డ్ లోన్ గడువు దాటితే వేలానికి పోతుందని ఒకరు చెప్పాలా? క్షమిస్తే లెక్క అడగకూడదని ఎవరైనా అంటే నమ్మకండి. మీ నగల లెక్క మీరు అడగాల్సిందే. అడిగాక, పాప ముందు మాత్రం మామూలుగా ‘ఏమండీ, భోజనానికి రండి’ అని పిలవండి. మొదట్లో గొంతు పెగలకపోవచ్చు, అయినా పిలవండి.

పాపతో చేయాల్సింది తక్కువే. ఫోన్లో ఉన్న ఫొటోలు ఈరోజే తీసేయండి. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ‘నీ నోట్‌బుక్ చూశానమ్మా, చూడకూడదు, ఇక చూడను’ అని చెప్పండి. అందులో ఏ వాక్యం గురించీ ఆరా తీయకండి, ఏ మాటకూ సంజాయిషీ ఇచ్చుకోకండి. కొన్నాళ్లు మీ మీద అలుగుతుంది, అలగనివ్వండి. టిక్ పెట్టే అలవాటు మానేయండి. మీరూ ఒక నోట్‌బుక్ కొనుక్కుని రాసుకోండి. చదివిన భాగం, తేదీ, మీవారి మీద ఉన్న కోపం అంతా రాసి దాచుకోండి.

మీరు మాట్లాడాక కూడా ఆయన నోరు విప్పకపోతే, అప్పుడు అయ్యగారి దగ్గరకో, మీవారు మాట వినే మీ అన్నయ్య దగ్గరకో మీరిద్దరూ వెళ్లండి. నగల గురించి, మీ మాటల గురించి చెప్పండి. పాప నోట్‌బుక్ ఊసు మాత్రం అక్కడ ఎత్తకండి.