ముల్లు ఎక్కడ పుట్టిందో చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

పెరట్లో జీవశాస్త్ర భావనలు వెతికి గుర్తించే పని మొదలుపెట్టావని తెలిసి సంతోషించాను. జాబితా చేత్తో పట్టుకుని ఒక్కో పేరుకు ఒక్కో మొక్కను వెతుక్కుంటూ తిరగకు. అలా తిరిగితే పోలిక కనబడ్డ ప్రతిదానికీ పేరు అతికించేస్తావు. ముందు మొక్క దగ్గర కూర్చుని ఏ భాగం ఎక్కడి నుంచి పుట్టిందో చూడు. ఆకారం చూసి పోల్చుకుంటే మోసపోతావు. పుట్టిన చోటు చూస్తే దారి దొరుకుతుంది.

ముళ్ల సంగతే తీసుకో. కాగితం పూల తీగకు ముల్లుంది, గులాబీకి ఉంది, నాగజెముడుకూ ఉంది. పేరు ఒకటే, పుట్టుకలు మూడు. కాగితం పూల తీగలో ముల్లు ఆకు కాడకూ కాండానికీ మధ్య మూలలో, అంటే గ్రీవంలో ఉంటుంది. అక్కడ రావలసింది మొగ్గ, కాబట్టి ఆ ముల్లు రూపం మారిన కొమ్మ. గులాబీ ముల్లుకు చోటంటూ లేదు. కణుపుల మధ్య ఎక్కడపడితే అక్కడ లేస్తుంది, బొటనవేలితో పక్కకు నెడితే మచ్చ మిగిల్చి ఊడివస్తుంది. అది పైపొరల నుంచి లేచిందే తప్ప కొమ్మా కాదు, ఆకూ కాదు. నాగజెముడుది రూపం మారిన ఆకు. గులాబీ ముల్లును ‘కాండ రూపాంతరం’ అని రాసేయడం చాలామంది చేసే తప్పు, నువ్వు చేయకు.

ఇదే చూపుతో పాషన్ ఫ్రూట్ తీగ దగ్గరికి వెళ్లు. దాని నులితీగ, అంటే ఆధారాన్ని చుట్టుకునే సన్నటి తీగ, కూడా గ్రీవంలోనే ఉంటుంది. కాగితం పూల ముల్లుకూ దీనికీ పని వేరు, పుట్టుక ఒకటే. ఇవి నిర్మాణ సామ్య అవయవాలు. బఠాణీ నులితీగ మాత్రం ఆకు కొసన, పత్రకాలు (ఒకే ఆకులోని చిన్న ఆకులు) ఉండవలసిన చోట వస్తుంది. పాషన్ ఫ్రూట్ నులితీగతో పని కలిసింది, పుట్టుక కలవలేదు. ఇవి క్రియాసామ్య అవయవాలు. మూడు తీగలతో రెండు భావనలు, రుజువులతో సహా దొరికాయి.

సంయుక్త పత్రాన్ని, అంటే పత్రకాలుగా విడిపోయిన ఆకును, పట్టడానికీ గ్రీవపు మొగ్గే కావాలి. గులాబీలో ఐదో ఏడో ‘ఆకులు’ ఉన్న కాడ మొదట్లో ఒకే మొగ్గ ఉంటుంది, చిన్న ఆకుల దగ్గర ఉండదు. కాబట్టి అదంతా ఒకే ఆకు, ఆ చిన్నవి పత్రకాలు. నేల ఉసిరి దీనికి తిరగబడ్డ ఉదాహరణ. చూడటానికి అచ్చం సంయుక్త పత్రమే. తిప్పి చూస్తే ప్రతి చిన్న ఆకు మొదట్లో సన్నటి పువ్వో కాయో వేలాడుతుంటుంది. పత్రకం మొదట్లో పువ్వు పూయదు కాబట్టి అది ఆకు కాదు, సరళ (పత్రకాలుగా విడిపోని) పత్రాలున్న కొమ్మ. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించు.

కాగితం పూలలో ఎర్రగా రేకుల్లా కనిపించే మూడూ ఆకర్షక పత్రాలు, అంటే పువ్వు రేకులు, కావు. అవి పుచ్ఛాలు, అంటే పువ్వును అంటిపెట్టుకుని ఉండే ఆకులు. ఒక్కోదాని లోపలి వైపు అంటుకుని ఉన్న సన్నటి గొట్టమే అసలు పువ్వు. గోటితో చీల్చి చూస్తే కేసరాలు కనిపిస్తాయి.

జంతువులకు పెరడంతా తిరగక్కర్లేదు. పేనుబంక (మొక్క రసం పీల్చే చిన్న పురుగులు) పట్టిన లేత కొమ్మ ఒకటి చాలు. పదింతలు పెద్దగా చూపే భూతద్దం తీసుకో. అద్దాన్ని కంటికి ఆనించి కొమ్మనే దగ్గరికి తెచ్చుకోవాలి. అద్దం దూరంగా పట్టుకుంటే ఏమీ తేలదు. ఓపికగా చూస్తే తల్లి పురుగు గుడ్డు పెట్టకుండా పిల్లనే కనడం కనబడుతుంది. మగపురుగుతో పని లేకుండా జరిగే ఈ కాన్పు అనిషేక జననం. తెల్లగా పొట్టులా అంటుకున్నవి బూజు కాదు, విడిచిన కుబుసాలు. పేనుబంక విసర్జించే తీపి జిగురు, తేనెబంక, కోసం చీమలు వస్తే పరస్పర సహకారం. అక్షింతల పురుగు పిల్ల పేనుబంకను తింటుంటే పరభక్షణ. ఈ పిల్ల తల్లిలా గుండ్రంగా ఉండదు, చిన్న మొసలిలా ఉంటుంది. చాలామంది తెగులు పురుగనుకుని నలిపేస్తారు. గోధుమరంగులో ఉబ్బి, బిగుసుకుపోయి, గుండ్రటి రంధ్రం ఉన్న పేనుబంక కనబడిందా? దాని ఒంట్లో పెరిగిన చిన్న కందిరీగ పిల్ల పెద్దదై ఆ రంధ్రంలోంచి బయటికి పోయింది. ఇంత జరిగే కొమ్మ మీద మందు చల్లనివ్వకు.

వేరు బుడిపెల కోసం చిక్కుడు మొక్కను పట్టి లాగకు, బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి. జానెడు దూరంలో చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా నీళ్లలో నానబెట్టి కడుగు. బుడిపెను బ్లేడుతో కోస్తే లోపల గులాబీరంగు ఉండాలి. అది లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థం, నత్రజని స్థాపన (గాలిలోని నత్రజని మొక్కకు పనికొచ్చేలా మారడం) జరుగుతోందనడానికి గుర్తు. గోటితో గిల్లితే ఊడిరాకుండా వేరు తానే ఉబ్బినట్టుంటే అది నులిపురుగుల పని, బుడిపెలు కట్టే రైజోబియం బాక్టీరియాది కాదు.

బాష్పోత్సేకానికి, అంటే ఆకుల నుంచి నీరు ఆవిరిగా పోవడం చూడటానికి, ఎండలో ఉన్న ఆకుల కొమ్మకు పాలిథిన్ సంచి తొడిగి గట్టిగా కట్టి, రెండు మూడు గంటలు ఉంచు. పక్కనే ఆకులు తీసేసిన కొమ్మకూ ఇంకొకటి కట్టాలి. రెండోది లేకపోతే సంచిలో చేరిన నీరు ఆకుల నుంచే వచ్చిందని నువ్వు చెప్పలేవు. తడి ఆకుల మీద కట్టకు.

ప్రతిదానికీ తేదీ, వేళ, మొక్క, భాగం, ఏ గుర్తు చూసి తేల్చుకున్నావో రాసుకో. ఫొటోలో పక్కన స్కేలు పెట్టు. గుర్తు రాయలేకపోతే ఆ భావనను జాబితాలోంచి తీసెయ్. పాలు కారే మొక్కలు తెంపితే చేతులు కడుక్కో, కళ్లు నలుపుకోకు. బొచ్చు గొంగళిని చేత్తో పట్టకు, పుట్టగొడుగు రుచి చూడకు. పక్షి గూడు ఉన్నచోటే ఉండనీ.

పేనుబంక కొమ్మకు ఇవాళే గుర్తుగా దారం కట్టు. పురుగులెన్నో, కుబుసాలెన్నో లెక్కపెట్టి రాసి, వారం తర్వాత అదే కొమ్మను మళ్లీ లెక్కపెట్టి నాకు రాయి.