ఏసీకి హెపా షీట్ అతికిస్తే దుమ్ము తగ్గుతుందా?

మెట్రో పనుల దుమ్ముకి పాప తుమ్ములు ఆగట్లేదు, స్ప్లిట్ ఏసీకి అతికించే హెపా షీట్ (అతి సన్నటి దుమ్మును కూడా ఆపుతుందని అమ్మే వడపోత షీట్) కొనమంటారా అని అడిగారు కదా. కొనకండి. నేను కొని అనుభవించాను.

మాది చెన్నైలో మేడవాక్కం. మూడేళ్ళ కిందట ఎండాకాలం మొదట్లో అలాంటి తెల్ల షీట్ తెప్పించి, కత్తిరించి, ఏసీ లోపలి ఫిల్టర్ జాలీల మీద అతికించాను. పది రోజులు బాగానే ఉంది. తర్వాత గాలి సన్నబడింది. ఒక రాత్రి మంచం మీద టప్ టప్‌మని నీళ్ళు. మూత ఎత్తి చూస్తే గాలిని చల్లబరిచే కాయిల్ నిండా మంచు, పాత ఫ్రిజ్‌లో ఫ్రీజర్‌కి పట్టినట్టు. వచ్చిన మెకానిక్ జాలీ వంక చూడనైనా చూడకుండా గ్యాస్ అయిపోయింది, రెండున్నర వేలవుతుంది అన్నాడు. ఆలోచించుకుని చెబుతామని పంపేసి, మా వారు ఆ షీట్లు పీకేసి ఫ్యాన్ మోడ్‌లో వదిలారు. మంచు కరిగింది, మళ్ళీ రాలేదు. గ్యాస్ ఇప్పటికీ అదే!

సంగతేమిటంటే, కాయిల్ మీదుగా గాలి సరిగ్గా ఆడకపోతే గదిలోని వేడి దానికి అందదు. అది అతిగా చల్లబడి, గాలిలోని తేమ దాని మీదే గడ్డకడుతుంది. చెన్నైలో తేమకేం కొదవ! అసలైన హెపా 0.3 మైక్రాన్ల రేణువుల్లో కూడా 99.97 శాతం ఆపాలి. అంత చిక్కటి వడపోతలోంచి గాలి లాగే బలం ఏసీ ఫ్యాన్‌కి ఉండదు. షికాగోలో మా తమ్ముడిదీ ఇదే గొడవ. చలికాలం ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌కి మెర్వ్ 8 ఫిల్టర్ తీసి 13 వేద్దామనుకుంటే (మెర్వ్ అంటే వడపోత ఎంత చిక్కనో చెప్పే అంకె, పెరిగే కొద్దీ చిక్కన), ముందు గాలి తోసే బ్లోయర్ తట్టుకుంటుందో లేదో చూసుకోమన్నారట.

మీరు జాలీలు కడగండి చాలు. ఎండాకాలం రెండు వారాలకోసారి. నేను మొదటిసారి తీసినప్పుడు దుమ్ము బూడిదరంగు బట్టలా పొరగా లేచి వచ్చింది. నీళ్ళు వెనక వైపు నుంచి పట్టండి. దుమ్మున్న వైపు పడితే కన్నాల్లోకి ఇంకా దిగిపోతుంది. వేడినీళ్ళు వద్దు, జాలీ వంకర పోతుంది. నీడలో పూర్తిగా ఆరాకే పెట్టండి, లేదంటే ముక్కవాసన.

కాకపోతే జాలీ పట్టేది ముతక దుమ్మునే. సన్నదానికి పాప పడుకునే గదిలో విడిగా ఎయిర్ ప్యూరిఫైయర్ పెట్టి తలుపులు మూయండి. అందులో హెపాని కడగకూడదు, మార్చాల్సిందే. నేనైతే మార్చిన తేదీ ఫిల్టర్ అంచున మార్కర్‌తో రాస్తాను. డాక్టరుకి కూడా ఒకసారి చూపించండి.

మా ఇంట్లో ఆ ఫిల్టర్ చెప్పిన గడువుకన్నా ముందే నల్లబడుతోంది. భోగి పొగ అనుకున్నాను. తీరా చూస్తే, మా అత్తగారు శుక్రవారం శుక్రవారం సాంబ్రాణి పళ్ళెం తెచ్చి సరిగ్గా ప్యూరిఫైయర్ పక్కనే పెడుతున్నారు.