ఐబీ డిప్లొమాలో చేరాక సబ్జెక్ట్ మార్చుకోవచ్చా? (జర్మనీకి కొత్తగా వచ్చినవాళ్ళకి)

ఫ్రాంక్‌ఫర్ట్‌కో మ్యూనిక్‌కో ఫ్యామిలీతో దిగిన మనవాళ్ళు అక్టోబర్ వచ్చేసరికి తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. పిల్లాడు టెన్త్ ఇండియాలో అయిపోయింది, జర్మన్ రాదు కాబట్టి ఇక్కడి గిమ్నాజియంలో (యూనివర్సిటీ చదువుకి తయారుచేసే జర్మన్ హైస్కూల్) కుదర్లేదు, ఏడాదికి ఇరవై వేల యూరోలు పైన పోసి ఇంటర్నేషనల్ స్కూల్లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) అనే రెండేళ్ళ డిప్లొమాలో వేశారు, నెలన్నర తిరక్కుండానే వాడు ఫిజిక్స్ నావల్ల కాదు, మార్పించండి అంటున్నాడు. కుదురుతుందా, ఏడాది పోతుందా?

కుదురుతుందండీ, తొందరగా కదిలితే ఏడాదీ పోదు. కాకపోతే సబ్జెక్ట్ మార్చే ముందు లెవెల్ (హెచ్ఎల్ అంటే హయ్యర్, ఎస్ఎల్ అంటే స్టాండర్డ్) మార్చి చూడండి.

మనం ఇక్కడికొచ్చినా ఎంపీసీ బుర్రతోనే ఫారం నింపుతాం, మ్యాథ్స్ ఫిజిక్స్ కెమిస్ట్రీ మూడూ హెచ్ఎల్ పెట్టించేస్తాం. ఐబీలో ఆరు సబ్జెక్టులు, హెచ్ఎల్ అంటే రెండేళ్ళలో 240 గంటలు, ఎస్ఎల్ అంటే 150, వీటి మీద 4,000 పదాల పరిశోధనా వ్యాసం (ఎక్స్‌టెండెడ్ ఎస్సే), టీఓకే (థియరీ ఆఫ్ నాలెడ్జ్ అనే క్లాస్), క్యాస్ (కళలు, ఆటలు, సేవ లాంటి పనులు). చాలామంది పిల్లలు నావల్ల కాదనేది ఫిజిక్స్ రాక కాదు, ఊపిరాడక. ఎస్ఎల్‌కి దించితే ఇప్పటిదాకా చదివింది ఏమీ వేస్ట్ కాదు, అదే సిలబస్‌లో కొన్ని టాపిక్స్ తగ్గుతాయి అంతే. అదే ఫిజిక్స్ తీసేసి బయాలజీలోకి దూకితే పోయిన చాప్టర్లన్నీ రాత్రుళ్ళు కూర్చుని ఒక్కడే చదువుకోవాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. హెచ్ఎల్‌లు కనీసం మూడు ఉండి తీరాలి, అందుకని మూడే ఉన్నవాళ్ళకి ఒకటి దిగితే ఇంకోటి ఎక్కాలి. ఎకనామిక్సో, ఇంగ్లీషో, వాడికి ఏది బాగా వస్తే అది. చాలా స్కూళ్ళలో రెండు లెవెల్స్ వాళ్ళూ మొదట్లో ఒకే క్లాసులో కూర్చుంటారు కాబట్టి ఈ రెండు నెలల్లో ఎక్కడం పెద్ద కష్టం కాదు, క్రిస్మస్ దాటితే మాత్రం టీచరే ఒప్పుకోరు. నాలుగు హెచ్ఎల్‌లు పెట్టుకున్నవాళ్ళు దిగడం కొంచెం లేటైనా పర్లేదు, కానీ రెండో ఏడాది చివర్లో వచ్చే మే పరీక్షలకి అంతకు ముందు నవంబర్ 15 లోపు స్కూలు పిల్లల్ని రిజిస్టర్ చేసేస్తుంది, ఆ తర్వాత మార్చాలంటే ఫీజు కూడా పడుతుంది.

ఎస్ఎల్ అంటే నామోషీ ఏమో అనుకోకండి, ఒక్కో సబ్జెక్ట్‌లో టాప్ స్కోర్ 7, అది రెండిట్లోనూ 7 యే. ఇక్కడి యూనివర్సిటీకి అప్లై చేసేటప్పుడు ఐబీ టోటల్‌ని జర్మన్ గ్రేడ్‌లోకి మారుస్తారు (ఇక్కడ అంకె ఎంత తగ్గితే అంత మంచిది), 42 పాయింట్లు వస్తే 1.0, 36 కి 2.0, 33 కి 2.5, 24 కి 4.0. హెచ్ఎల్‌లో 4 తో ఈడ్చే బదులు ఎస్ఎల్‌లో 6 తెచ్చుకుంటే ఆ రెండు పాయింట్లే గ్రేడ్‌ని దాదాపు 0.3 మెరుగుపరుస్తాయి, సీట్లు తక్కువున్న కోర్సుల్లో అది చిన్న తేడా కాదు.

అసలు ప్రమాదం మ్యాథ్స్ దగ్గర. ఇందులో రెండు కోర్సులు ఉంటాయి, ఏఏ (అనాలిసిస్ అండ్ అప్రోచెస్) ఒకటి, ఏఐ ఒకటి (ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాదండోయ్, అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్, పేరు చూసి ఫ్యూచర్ ఉంటుందని చేర్పించేవాళ్ళు ఉన్నారు నిజంగానే). ఏఏ హెచ్ఎల్ బరువైతే ఏఏ ఎస్ఎల్‌కి దిగండి. ఏఐ ఎస్ఎల్ ఈజీ అని అటు పోతే జర్మన్ యూనివర్సిటీలో నేరుగా చేరే దారి మూసుకుపోతుంది. పైగా మ్యాథ్స్ గానీ, ఫిజిక్స్ కెమిస్ట్రీ బయాలజీల్లో ఒకటి గానీ హెచ్ఎల్‌లో ఉండాలని ఇక్కడి రూల్, కాబట్టి సైన్స్ అంతా ఎస్ఎల్‌కి తోసేసి మూడు హెచ్ఎల్‌లూ ఆర్ట్స్ వైపు పెట్టినా చిక్కే. పిల్లాడు ఇంగ్లండ్‌కో నెదర్లాండ్స్‌కో వెళ్ళే ఆలోచన ఉంటే అక్కడ కోర్సు కోర్సుకీ రూల్ వేరు, ఆ యూనివర్సిటీ పేజీ తెరిచి ఏ మ్యాథ్స్, ఏ లెవెల్ అడుగుతున్నారో అక్షరం అక్షరం చదవండి.

భాషా సబ్జెక్ట్‌గా ఉన్న జర్మన్ తీసేసి వేరే భాష పెట్టుకుంటా అంటే మాత్రం ఒప్పుకోకండి. గవర్నమెంట్ యూనివర్సిటీల్లో బ్యాచిలర్స్ ఎక్కువ శాతం జర్మన్‌లోనే, సాధారణంగా సి1 స్థాయి జర్మన్ అడుగుతారు.

స్కూలుకి వెళ్ళే ముందు వాడి టైమ్‌టేబుల్ ముందేసుకుని కూర్చోండి. సబ్జెక్టులన్నీ బ్లాకుల్లో (ఒకే టైమ్‌లో నడిచే క్లాసుల గుంపుల్లో) ఉంటాయి, కావాల్సిన ఎకనామిక్స్ హెచ్ఎల్ కెమిస్ట్రీ ఉన్న బ్లాక్‌లోనే పడితే ఎవరూ ఏమీ చెయ్యలేరు, దాని కోసం స్కూల్లో ఐబీ చూసుకునే కోఆర్డినేటర్ మీద అరిచి లాభం లేదు. ఖాళీ ఉంటే పాత టీచర్, కొత్త టీచర్, కోఆర్డినేటర్, మీరు సంతకాలు పెట్టడమే, వారంలో మేనేజ్‌బ్యాక్‌లో (చాలా ఐబీ స్కూళ్ళు వాడే ఆన్‌లైన్ పోర్టల్) కొత్త క్లాస్ కనిపిస్తుంది. మాట్లాడేది వాడినే మాట్లాడనివ్వండి, ఇక్కడి టీచర్లు తండ్రి కంటే పిల్లాడి మాటకే ఎక్కువ విలువిస్తారు.

ఇండియా వెళ్ళి నీట్ రాయించాలనుకునేవాళ్ళది వేరే కథ. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కావాలి, మామూలు ఐబీ డిప్లొమాలో మూడు సైన్సులు పట్టవు. నాన్ రెగ్యులర్ డిప్లొమా అని ఒకటి ఉంది, అక్కడి మెడికల్ అడ్మిషన్ రూల్ చూపిస్తూ స్కూల్ ద్వారా ఐబీ పర్మిషన్ తీసుకోవాలి. ఏడాది గడిచాక ఇది అడిగితే పని జరగదు, ఆ ఆలోచన ఏ మూల ఉన్నా కోఆర్డినేటర్‌కి ఈ వారమే మెయిల్ పెట్టండి.