వచ్చే చలికాలం కట్టెల కోసం ఇప్పుడే బయలుదేరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కొన్న కట్టెలు పొయ్యిలో బుస కొడుతున్నాయనీ, చివర్ల నుంచి నురగ కక్కుతున్నాయనీ, పొగే తప్ప గది వేడెక్కడం లేదనీ రాశావు. డబ్బు పెట్టకుండా కట్టెలు ఎక్కడ దొరుకుతాయో చెప్పమన్నావు. చెబుతాను. ముందు ఒక మాట విను. నీకు అమ్మినవి పచ్చి కట్టెలు. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీళ్లే. ఆ నీళ్లు ఆవిరి కావడానికే మంటలో చాలా వేడి ఖర్చయిపోతుంది. బాగా ఎండిన కట్టె కిలోకి సుమారు 4 యూనిట్ల వేడి ఇస్తే, పచ్చిది అందులో సగానికి కాస్త ఎక్కువ ఇస్తుంది. కరెంటు బిల్లులో చూస్తామే, ఆ యూనిట్లే.

ఊరికే దొరికే కట్టెలు చాలావరకు పచ్చివే. అందుకని ఈ ఏడు తెచ్చినవి వచ్చే ఏడు కాల్చడానికే అనుకో. ఈ చలికాలానికి మాత్రం కొన్ని ఎండు కట్టెలు కొనుక్కో, తప్పదు.

అన్నిటికంటే మంచి దారి చెట్లు నరికే పనివాళ్లు. ఇళ్ల దగ్గర పెద్ద చెట్టు కొట్టాక ఆ దుంగల్ని ఎక్కడో పారేయాలి. దూరం మోసుకెళ్లాలి, చాలాచోట్ల పారేసినందుకు ఎదురు డబ్బు కూడా కట్టాలి. ఆ బరువు నువ్వు తీసుకుంటానంటే వాళ్లకు సంతోషమే. వాళ్ల బండి కనిపిస్తే ఆగి, పని చెడకుండా పక్కన నిలబడి, విరామంలో మాట్లాడు. ఫోన్ నంబరు ఇవ్వు. బండి ఎక్కడి దాకా రాగలదో, దుంగలు ఎక్కడ దించాలో స్పష్టంగా చెప్పు. ఏ చెట్టయినా ఫర్వాలేదను. ఒకసారి పిలిచినప్పుడు వంక చెబితే రెండోసారి పిలవరు. నేను మొదటి రెండేళ్లు మెత్తటి కలప వద్దని ఏరుకునేవాణ్ణి, దాంతో పిలుపులు ఆగిపోయాయి. తర్వాత ఏది వచ్చినా తీసుకోవడం మొదలుపెట్టాను. మెత్తటి కలప త్వరగా మండి త్వరగా అయిపోతుంది, పొద్దున్నే గది వేడెక్కించడానికి అదే పనికొస్తుంది. చేవ ఉన్న గట్టి కలప రాత్రికి.

గాలివాన తర్వాత కూలిన చెట్లు రెండో దారి. కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టినప్పుడు కూడా దొరుకుతాయి. దారిలో పడి ఉంది కదా అని ఎత్తుకురాకు. ఆ నేల ఎవరిదో కనుక్కుని అడుగు. అడవిలో అయితే ఎండి రాలిన కట్టెకు కూడా చాలాచోట్ల పర్మిట్ ఉండాలి. ఎవరి దొడ్లోనైనా చెట్టు పడి ఉంటే, "కోసి, ఊడ్చి, శుభ్రం చేసి వెళతాను" అను. అన్నట్టే చెయ్యి. ఆకు కూడా మిగలకుండా ఊడ్చినవాణ్ణి పక్కింటివాళ్లు కూడా పిలుస్తారు.

కోత మిల్లుల్లో దుంగ పై నుంచి బెరడుతో సహా తీసేసే పలకలుంటాయి, అవి చౌకగా ఇస్తారు. వడ్రంగి పని జరిగేచోట మిగిలే ముక్కలు అప్పటికే ఎండి ఉంటాయి కాబట్టి అవి ఈ ఏడే కాల్చుకోవచ్చు. కానీ మామూలు కలప మాత్రమే తీసుకో. ప్లైవుడ్, రంగేసిన చెక్క, పాత తలుపులు ముట్టుకోవద్దు. చెదలు పట్టకుండా మందు పట్టించిన కలప కొన్నిసార్లు ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది. పాతవాటిలో ఆర్సెనిక్ ఉంటుంది, కాలిస్తే అది పొగలోకీ బూడిదలోకీ వస్తుంది. పిల్లలున్న ఇల్లు నీది. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కట్టె కూడా వద్దు, అందులోని ఉప్పు పొయ్యి ఇనుమును తినేస్తుంది.

సరుకు కింద వేసే చెక్క ప్యాలెట్లు తెస్తే వాటి మీది ముద్ర చూడు. ఇంగ్లీషులో హెచ్, టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినవి. లోపలి దాకా 56 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచుతారు. ఎం, బీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ విషవాయువు పట్టించినవి, వదిలెయ్. ముద్ర మంచిదే అయినా నూనె మరకలున్నది వద్దు.

వచ్చే ఏటికి కొనాల్సి వస్తే చలికాలం అయిపోయాక కొను. అప్పుడు అడిగేవాడు ఉండడు. చీల్చని పొడవాటి దుంగలైతే ఇంకా తగ్గుతుంది. బండెడు అనే మాట నమ్మకు, పేర్చిన కట్టెలను కొలిచి తీసుకో. కార్డ్ అనే కొలతతో అమ్మేచోట అది 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉండాలి, అంటే 128 ఘనపుటడుగులు. ఎక్కడ దొరికినా దగ్గరలోదే తెచ్చుకో. దూరం నుంచి తెచ్చిన కట్టెల్లో పురుగులూ వస్తాయి. అమెరికాలో 2002లో బయటపడిన, యాష్ అనే జాతి చెట్లను తొలిచే పురుగు కోట్ల చెట్లను చంపింది, అది కొత్త చోట్లకు పాకడానికి కట్టెల రవాణా కూడా ఒక కారణం.

తెచ్చిన వారంలోనే చీల్చు. దుంగగా ఉంచితే బెరడు లోపలి తేమను వదలదు, ఏళ్లు గడిచినా లోపల పచ్చిగానే ఉంటుంది. పేళ్లుగా చీల్చి, నేలకు తగలకుండా కింద రెండు వాసాలు వేసి, ఇంటి గోడకు దూరంగా పేర్చు. పైన మాత్రమే కప్పు, పక్కలు గాలికి వదులు. నాలుగు వైపులా పరదా చుట్టేశావంటే బూజు పడుతుంది. మెత్తటి కలపకు 6 నెలల నుంచి ఏడాది, ఓక్ లాంటి గట్టిదానికి 2 ఏళ్లు.

ఎండిందో లేదో ఇలా చూడు. చివర్లలో గీతలు గీతలుగా పగుళ్లు వస్తాయి, బెరడు చేత్తో లాగితే ఊడుతుంది. రెండు పేళ్లు ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమంటుంది. పచ్చిదైతే దబ్‌మని మూగగా ఉంటుంది. తేమ కొలిచే మీటర్ కొంటే పేడును మళ్లీ చీల్చి, కొత్తగా తెరుచుకున్న లోపలి ముఖం మీద పెట్టు. 20 శాతం లోపు ఉండాలి. బయటి ముఖం మీద పెడితే తక్కువ చూపించి మోసం చేస్తుంది.

ఇప్పుడు నువ్వు కాలుస్తున్న కట్టెలతో నాకు టెన్షన్ ఒక్కటే, పొగగొట్టం. పచ్చి కట్టె పొగ చల్లటి గొట్టానికి తారులా అంటుకుంటుంది. ఒకరోజు ఆ తారుకే నిప్పంటుకుంటుంది. నా మొదటి చలికాలం అలాగే జరిగింది. గొట్టంలో రైలు పోతున్నట్టు హోరు, పైన నిప్పురవ్వలు. ఇంట్లోవాళ్లను బయటికి తీసుకొచ్చి ఫైరింజన్‌కు ఫోన్ చేశాను, ఆ అరగంట మరిచిపోలేను. నువ్వు ఈ వారమే గొట్టం శుభ్రం చేయించు, పడకగదిలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాసన లేని విషవాయువు చేరితే మోగే అలారం పెట్టించు. ఈ రెండిటికీ పొదుపు చూడొద్దు.

ఇళ్ల మధ్య కొట్టిన చెట్లలో పాత మేకులుంటాయి, కంచె తీగ కూడా. దుంగ చివర నల్లటి నీలం మరక కనిపిస్తే లోపల ఇనుము ఉండొచ్చు, మిషన్ రంపం అక్కడ పెట్టకు. కూలిన చెట్టు మీద ఒంటరిగా పని చేయకు. వంగి బిగుసుకున్న కొమ్మ కోస్తే ఎగిరి మొహానికి కొడుతుంది, అలాంటివి తెలిసినవాళ్లకే వదులు.

గొట్టం శుభ్రం చేయించాక నాకు రాయి. పనివాళ్లు దుంగలు దించితే కబురు పెట్టు, గొడ్డలి తీసుకుని వస్తాను. మొదటి వరస ఇద్దరం కలిసి పేరుద్దాం.

నీ మామయ్య