మన్యం దారిలో సీతారామరాజు

ప్రశ్న: దసరా సెలవుల్లో మా పిల్లలకు అల్లూరి సీతారామరాజు పోరాడిన చోట్లు చూపించాలని ఉంది. మాకు మూడు రోజులే వీలవుతుంది. ఆయన పుట్టిన పాండ్రంగి నుంచి మొదలుపెట్టాలని కొందరు, కృష్ణదేవిపేటలోని సమాధి చూస్తే చాలునని కొందరు అంటున్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పాండ్రంగిని ఈసారికి వదిలేయండి. 1897 జూలై 4న ఆయన పుట్టిన ఊరు అదే అయినా, భీమునిపట్నం వైపున్న ఆ ఊరిని, మన్యాన్ని మూడు రోజుల్లో కలిపి చూడబోతే పిల్లలకు కారు సీటు తప్ప మరేమీ గుర్తుండదు.

తునిలో రైలు దిగి, నర్సీపట్నం చేరి, లంబసింగి మీదుగా చింతపల్లి ఎక్కండి. అందరూ మంచు కోసం వెళ్లే ఆ దారే నా దృష్టిలో ఈ యాత్రకంతటికీ ముఖ్యమైన చోటు. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించేటప్పుడు గూడెం తహసీల్దారు బాస్టియన్ గిరిజనులకు న్యాయమైన కూలి ఇవ్వకుండా వెట్టి చేయించుకున్నాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అప్పటికే వారి పోడు వ్యవసాయానికి అడ్డుపడి ఉంది. ఏదో ఒక మలుపు దగ్గర బండి ఆపించి ఈ సంగతి చెప్పారంటే, తరువాత చూడబోయే పోలీసు స్టేషన్ల కథ పిల్లలకు సులువుగా అర్థమవుతుంది.

ఆ స్టేషన్లు మూడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి మీద వరుసగా దాడులు జరిగాయి. మొత్తం 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు దొరికాయి. తీసుకున్న ఆయుధాల వివరాలను స్టేషన్ రికార్డులోనే రాసి, రాజు కింద సంతకం కూడా చేశాడు. దాడికి వస్తున్నామని ముందే కబురు పంపే ఆయన పద్ధతికి ‘మిరపకాయ టపా’ అన్న పేరు నిలిచిపోయింది; గుంటూరు పిల్లలకు ఆ మాటలోని ఘాటును విడమరచి చెప్పనక్కరలేదు. ఆ ఏడాది సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు ఆయన దళం చేతిలో మరణించారు.

రెండో రోజు కొండ దిగి, కృష్ణదేవిపేటలో ఆగకుండా రాజవొమ్మంగి దాకా వెళ్లి, తిరుగు దారిలో మంప, కొయ్యూరు చూడండి. 1924 మే 7న మంప దగ్గర పట్టుబడిన రాజును విచారణ లేకుండానే కొయ్యూరులో కాల్చి చంపారు. సమాధిని ఆ తరువాతే చూడండి.

అక్కడ నిలబడి ఆయన ఒక్కడి గురించే చెప్పి వచ్చేయకండి. బట్టిపనుకుల మునసబుగా ఉండి పితూరీలో, అంటే ఆ తిరుగుబాటులో, చేరిన గాం గంటందొర లేకపోతే, ఆయన తమ్ముడు మల్లుదొర లేకపోతే రాజుకు మన్యంలో అంత బలం కూడేది కాదు. మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.