పాత అంబాసిడర్‌లో బ్యాటరీ 12 వోల్టులు చూపిస్తున్నా ఇగ్నిషన్ కాయిల్‌కి (స్పార్క్ కోసం వోల్టేజీని పెంచే భాగం) తక్కువెందుకు వస్తుంది?
చిలుము పట్టిన టెర్మినల్ లేదా అరిగిన ఇగ్నిషన్ స్విచ్ దారిలోనే వోల్టేజీని తినేస్తోంది. కరెంటు పారేటప్పుడు ప్రతి చెడ్డ జాయింటూ ఒక రెసిస్టెన్సే. విశాఖ ఉప్పుగాలికి, ముఖ్యంగా బీచ్ రోడ్డు వైపు ఉండే బళ్లలో, ఇది మామూలే.

స్విచ్ ఆన్ చేసి, పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటును కలిపి, తెంపే కాంటాక్టులు) మూసుకుని ఉండగా మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ ప్లస్‌కి, రెండోది కాయిల్ ప్లస్‌కి పెట్టండి. అర వోల్టు దాటితే అనుమానించాలి. ఉదాహరణకు 2 వోల్టులు వస్తే, రెండో కొనను వెనక్కి జరపండి: స్విచ్‌లోకి వచ్చే వైరు దగ్గర 0.2, బయటికెళ్లే వైరు దగ్గర 1.8 ఉంటే దోషం స్విచ్‌దే. త్వరగా కొలిచి ఆపేయండి, కాయిల్ వేడెక్కుతుంది.

చాలామంది పాయింట్లు తెరుచుకున్నప్పుడు కొలిచి, 12 చూసి వైరింగ్ బాగుందనుకుంటారు. కరెంటే పారనప్పుడు దారిలో వోల్టేజీ తగ్గడం (డ్రాప్) కనిపించదు. బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి వెళ్లే వోల్టేజీని కావాలనే తగ్గించే రెసిస్టర్) ఉన్న బండిలో మాత్రం కాయిల్‌కి తక్కువ రావడం సహజం.