ఈసారి ‘అలోన్ ఇన్ లవ్’ చూడు

చిరంజీవి లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’ కొరియన్ సీరియల్ అయిపోయింది, ఇప్పుడేం చూడను పెద్దమ్మా అని అడిగావు కదా. అందులో నీకంత నచ్చిన హీరోయిన్ సన్ యే జిన్‌దే, 2006లో కొరియాలో ఎస్‌బీఎస్ అనే టీవీ ఛానెల్లో వచ్చిన ‘అలోన్ ఇన్ లవ్’ చూడు. ఇప్పుడు కొరియన్ సీరియళ్లు చూసేవాళ్లలో దీని పేరెత్తేవాళ్లే అరుదు. నాకది బాధే.

ఇందులో పెళ్లితో కథ ముగియదు. విడాకులయ్యాక మొదలవుతుంది. ఆమె ఈత నేర్పే టీచరు, అతను పుస్తకాల షాపులో ఉద్యోగి. విడిపోయారు గానీ డోనట్ షాపులో కలుస్తూనే ఉంటారు. దెప్పుకుంటారు, పోట్లాడుకుంటారు, చివరికి ఒకరికొకరు సంబంధాలు చూడటానికీ సిద్ధపడతారు! వాళ్లకు పుట్టాల్సిన బిడ్డ దక్కలేదు. ఆ దుఃఖం గురించి ఇద్దరూ నోరు విప్పి మాట్లాడుకోలేదు. అసలు ఏం జరిగిందో కథ కొంచెం కొంచెంగా చెబుతుంది. అందుకే ముందుగా నెట్‌లో కథంతా చదివేయకు, నీకు దణ్ణం పెడతాను.

మొత్తం 16 ఎపిసోడ్లు. అప్పట్లో సోమ, మంగళవారాల్లో వేసేవాళ్లు. నువ్వూ వారానికి రెండే చూడు. ఒక్క రాత్రిలో లాగించేస్తే ఏమీ జరగట్లేదే అనిపిస్తుంది. స్పీడు పెంచావంటే మాత్రం అసలు చూడనట్టే. ఇందులో పాత్రల మనసులో మాట వెనకనుంచి వినిపిస్తూ ఉంటుంది. పైకి అనేది ఒకటి, లోపల అనుకునేది ఇంకొకటి. ఆ మాటకీ ఈ మాటకీ మధ్య ఆమె ముఖం చూడు. అప్పటికి సన్ యే జిన్‌కి 24 ఏళ్లే. విడాకులు తీసుకున్న మనిషి అలసటనీ మొండితనాన్నీ ఎంత బాగా పట్టుకుందో! పక్కన మాజీ భర్తగా వేసిన కామ్ ఊ సుంగ్ ఎక్కువ మాట్లాడడు. అతను చెప్పకుండా మింగేసిన మాటలే తర్వాత నిన్ను ఏడిపిస్తాయి.

తప్పెవరిదని మొదటి ఎపిసోడ్లోనే తీర్పు చెప్పేయకు. ఆమె చెల్లెలినీ, అతని స్నేహితుడైన గైనకాలజిస్టునీ హాస్యానికి పెట్టారులే అని దాటేయకు. నాకైతే ఆ ఇద్దరి కథ అసలు కథకు ఏమాత్రం తీసిపోదు.

మడత ఫోన్లు, పాతకాలం బట్టలు మొదట కాస్త ఎబ్బెట్టుగా ఉంటాయి, తర్వాత గుర్తే ఉండవు. డబ్బింగ్ జోలికి పోకు, సబ్‌టైటిల్స్ పెట్టుకుని కొరియన్‌లోనే విను. రాసిన పార్క్ యోన్ సన్ పనితనం నచ్చితే, 2016లో ఆమే రాసిన ‘హలో, మై ట్వంటీస్!’ కూడా ఉంది. అది నీ వయసు అమ్మాయిల కథ, కానీ ముందు ఇది కానివ్వు.

మీ అమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకో. రెండు ఎపిసోడ్లు అయ్యాక ఫోన్ చెయ్యి, వాళ్లు ఎందుకు విడిపోయారని నువ్వనుకుంటున్నావో నాకు వినాలనుంది.

ప్రేమతో,
నీ పెద్దమ్మ